పెప్పర్‌మింట్ సరే... నిద్ర సంగతేంటి?

తెల్లవారుజామునే కారేసుకుని ఇంటర్వ్యూకి బయల్దేరుతున్నారా? ఏసీ వెంట్ దగ్గర పెప్పర్‌మింట్ ఆయిల్ దూది పెట్టుకుని ‘ఇంకేం, నిద్ర రాదులే’ అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఆ చిన్న సీసా ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకుని బయల్దేరండి. నేను తెలుసుకోకుండా బయల్దేరాను మరి!

నా బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు పేరు ‘డ్రైవర్ డ్రౌజీనెస్ డిటెక్షన్ సిస్టమ్’. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మా కాలేజీలో అయితే ప్రతి బ్యాచ్‌లోనూ ఒకటో రెండో టీమ్‌లు చేసేవి. డ్రైవర్‌కి కునుకు పడుతోందని కెమెరాతో కనిపెట్టి హెచ్చరించే ప్రోగ్రామ్ అది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కళ్లు మూస్తే చాలు... బీప్ బీప్ అంటూ అలారం. వైవాకి ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు కళ్లు మూసుకుని నటించింది నేనే. మార్కులూ బాగానే పడ్డాయి.

ఏడాది తిరక్కుండానే నా కళ్లు నిజంగా మూతపడ్డాయి. ఈసారి ల్యాప్‌టాప్ ముందు కాదు. విజయవాడ - హైదరాబాద్ హైవే మీద, స్టీరింగ్ పట్టుకుని ఉండగా.

ఉదయం పది గంటలకు గచ్చిబౌలిలో ఇంటర్వ్యూ. ముందురోజు రాత్రి ఒంటిగంట దాకా కోడింగ్ ప్రశ్నలతో కుస్తీ. రెండుంపావుకి... కాదు, నిద్ర పట్టేసరికే ఒంటిగంటన్నర, అలారం మోగింది రెండుముప్పావుకి. బస్సు టికెట్లు దొరక్క మా ఫ్రెండ్ వాళ్లన్న కారు తీసుకున్నాం. మూడుంపావుకి బయల్దేరాం. పక్క సీట్లో ఫ్రెండ్. కంచికచర్ల రాకముందే వాడు గుర్రు పెట్టేశాడు.

నాకేం భయం? నా దగ్గర మందుందిగా! పెప్పర్‌మింట్ ఆయిల్ వాసన పీలిస్తే డ్రైవింగ్‌లో నిద్ర రాదని వీడియోలో చూశా. దూది మీద ఆరు చుక్కలు వేసి ఏసీ వెంట్ దగ్గర ఇరికించా. మొదటి అరగంట అద్భుతం. ముక్కు నుంచి నుదుటి దాకా చల్లగా, హుషారుగా ఉంది. నందిగామ దాటింది. జగ్గయ్యపేట దాటింది. కోదాడ కూడా దాటినట్టు గుర్తు. ఆ తర్వాత గుర్తున్నది ఒక్కటే... టైర్ల కింద గరగరమన్న చప్పుడు. కళ్లు తెరిచేసరికి కారు ఎడమ వైపు మట్టి అంచులోకి దిగిపోతోంది. ఎదురుగా, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ వెనక రెండు ఎర్ర లైట్లు.

స్టీరింగ్ కుడికి తిప్పాను. తప్పించుకున్నాం. కారులో పెప్పర్‌మింట్ వాసన మాత్రం ఇంకా గుప్పుమంటూనే ఉంది. ముందే తెలుసుకోవాల్సిన సంగతులు ఆ తర్వాత ఒక్కొక్కటిగా చదువుకున్నాను. అవే ఇప్పుడు మీ ముందు పెడుతున్నా.

ముక్కు నుంచి నేరుగా మెదడుకి

ముందు మంచి మాటే చెప్పుకుందాం. సుగంధ తైలాలు, అదే మనం ఎసెన్షియల్ ఆయిల్స్ అంటున్నవి, ఉత్తి మోసమేం కాదు. మొక్కల ఆకులు, పూలు, తొక్కల్లో ఉండే సువాసన పదార్థాలను ఎక్కువగా ఆవిరితో బట్టీ పట్టి తీస్తారు. నారింజ, నిమ్మ లాంటి వాటికైతే తొక్కల్ని నొక్కి పిండుతారు. వంటనూనెలా జిడ్డుగా ఉండిపోవు, గాల్లో ఇట్టే ఆవిరవుతాయి. అందుకే సీసా మూత తీయగానే వాసన గుప్పుమంటుంది.

ఆ వాసన అణువులు ముక్కు పైభాగంలో ఉండే రిసెప్టార్లను తాకుతాయి. ఈ రిసెప్టార్ల గుట్టు విప్పినందుకే రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. అక్కడి నుంచి సంకేతం మెదడులోని ఆల్ఫాక్టరీ బల్బ్‌కి చేరుతుంది. చూపు, వినికిడి సంకేతాలు థాలమస్ అనే జంక్షన్‌లో ఆగి వెళ్తాయి. వాసనకి మాత్రం ఆ స్టాప్ లేదు. భావోద్వేగాలు చూసే అమిగ్డాలాకి, జ్ఞాపకాలతో ముడిపడిన హిప్పోక్యాంపస్‌కి దగ్గరి దారిలో వెళ్లిపోతుంది. తొలకరి మట్టివాసన తగలగానే చిన్నప్పటి సంగతులు గుర్తొచ్చేది అందుకే. వాసనకి మూడ్ మార్చే శక్తి ఉందంటే ఆశ్చర్యమేం లేదు.

డ్రైవింగ్ మీదా ప్రయోగాలు జరిగాయి. అమెరికాలో బ్రయాన్ రాడెన్‌బుష్ అనే సైకాలజిస్ట్ బృందం సిమ్యులేటర్ ముందు విద్యార్థులను కూర్చోబెట్టి పెప్పర్‌మింట్, దాల్చినచెక్క వాసనలు ఇచ్చి చూసింది. విసుగు తగ్గిందని, చురుగ్గా అనిపించిందని వాళ్లు చెప్పారు. మన వీడియోల్లో ‘సైన్స్ చెప్పింది’ అంటూ చూపించేవి ఇలాంటివే. కాకపోతే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. అవి తక్కువమందితో చేసిన ప్రయోగాలు. పైగా అక్కడ చూసింది విసుగు, మూడ్, చురుకుదనం. రాత్రంతా మేలుకున్నవాడిని హైవే మీద మేలుకొని ఉంచుతుందా అన్నది వేరే ప్రశ్న.

చల్లదనం అంటే చురుకుదనం కాదు

పెప్పర్‌మింట్ పీల్చగానే చల్లగా ఎందుకుంటుంది? నిజంగా ఉష్ణోగ్రత తగ్గుతుందా? లేదు. అందులోని మెంథాల్ మన నరాల చివర్లలో ఉండే ‘టీఆర్‌పీఎం8’ అనే రిసెప్టార్‌ని తట్టిలేపుతుంది. చలి తగిలినప్పుడు పనిచేసే సెన్సర్ అది. మెంథాల్ తగిలినా అదే సంకేతం పంపుతుంది. మెదడేమో ‘అబ్బో చల్లగా ఉందే’ అనుకుంటుంది. ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే సెన్సర్‌కి ఫాల్స్ ఇన్‌పుట్ ఇచ్చినట్టు. శరీరం వేడిని, చలిని, స్పర్శను ఎలా గుర్తిస్తుందో కనుక్కున్నందుకు 2021లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు నోబెల్ ఇచ్చారు. ఈ మెంథాల్ రిసెప్టార్ కథ కూడా అందులో భాగమే.

అంటే ఆ చల్లదనం ఒక కుదుపు. తలుపు మీద టకటకమని కొట్టినట్టు. లోపలివాడు ఒళ్లు తెలియని నిద్రలో ఉంటే తలుపు కొట్టినంత మాత్రాన లేస్తాడన్న గ్యారంటీ లేదు.

ఇంకో చిన్న మాట. ఇంట్లో చట్నీకి వాడే పుదీనా, పెప్పర్‌మింట్ ఒకటి కాదు. మన వంటింటి పుదీనాలో వాసన ఎక్కువగా కార్వోన్‌ది, మెంథాల్ చాలా తక్కువ. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ లాంటి జిల్లాల్లో వేల ఎకరాల్లో పండించే మెంథా వేరే రకం. సహజ మెంథాల్‌లో సింహభాగం దాని నుంచే వస్తుంది. కాబట్టి పుదీనా కట్ట కార్లో పడేసి ‘పనిచేయట్లేదే’ అనుకోవద్దు.

టెన్షన్ వేరు... కునుకు వేరు

మనం చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. ‘ప్రశాంతంగా ఉండాలి, ఏకాగ్రతా ఉండాలి’ అంటూ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాం. డ్రైవింగ్‌లో మనకి వచ్చే ఇబ్బందులు రెండు రకాలు. అవి ఒకదానికొకటి వ్యతిరేకం.

మొదటిది: అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయారు. ఇంటర్వ్యూకి ఇరవై నిమిషాలే ఉంది. వెనక హారన్లు, గుండె దడదడ, చేతులకి చెమట. ఇక్కడ మెదడు మరీ ఎక్కువ మేలుకొని ఉంది. దాన్ని కాస్త నెమ్మది చేయాలి.

రెండోది: ఖాళీ హైవే, తెల్లవారుజాము, ఒకే వేగం, ఒకే చప్పుడు. ఇక్కడ మెదడు నిద్రలోకి జారుతోంది. దాన్ని లేపాలి.

మొదటి దానికి పనికొచ్చేది రెండో దానికి ప్రమాదం కావచ్చు. ఉదాహరణకి లావెండర్. మనసుని నెమ్మదింపజేస్తుందని దానికి పేరు. ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా యూనివర్సిటీలో మార్క్ మాస్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో లావెండర్ వాసన మధ్య కూర్చున్నవాళ్లు వర్కింగ్ మెమరీ పరీక్షల్లో వెనకబడ్డారు. స్పందించే వేగం కూడా తగ్గింది. రోజ్‌మేరీ వాసన మధ్య ఉన్నవాళ్లకి జ్ఞాపకశక్తి మార్కులు పెరిగాయి గానీ, వేగం మాత్రం తగ్గింది. గుర్తుచేసుకోవడానికి ఎక్కువ టైమ్ తీసుకున్నారు. బ్రేక్ మీద కాలు ఉన్నవాడికి వేగం తగ్గడం అంటే ఏంటో వేరే చెప్పాలా?

అందుకే స్టీరింగ్ ముందు లావెండర్ వద్దన్నది నా మాట. దాన్ని ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు గదిలో వాడుకోండి. అక్కడ అది చేసే మేలు మర్నాడు డ్రైవింగ్‌లోనూ కనిపిస్తుంది. డ్రైవింగ్‌కి నిమ్మగడ్డి, నారింజ, పెప్పర్‌మింట్, నీలగిరి లాంటి తేలిక వాసనలు నయం. నిమ్మగడ్డిని మన రెండు రాష్ట్రాల్లోనూ రైతులు సాగు చేస్తున్నారు. దూరదేశాల సీసాలే కొనాలని ఏం లేదు.

సగం గొప్ప ఊపిరిదే

టెన్షన్ తగ్గించడంలో ఈ తైలాలు ఎందుకు పనిచేస్తాయో ఒకసారి గమనించండి. సీసా ముక్కు దగ్గర పెట్టుకోగానే ఏం చేస్తాం? కళ్లు మూసుకుని నెమ్మదిగా, గుండెల నిండా గాలి పీలుస్తాం. ఇంకా నెమ్మదిగా వదులుతాం. గాలిని నెమ్మదిగా వదిలినప్పుడు వేగస్ నరం ద్వారా గుండె వేగం తగ్గుతుంది. ఇది వాసన లేకపోయినా జరుగుతుంది. ఆ నూనె మనకి ఊపిరి తీసుకోవడం గుర్తు చేస్తోందన్నమాట!

దీన్నే తెలివిగా వాడుకోవచ్చు. ఇంటర్వ్యూకి వారం ముందు నుంచే రోజూ పది నిమిషాలు ప్రశాంతంగా కూర్చుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఆ టైమ్‌లో ఒకే నూనె వాసన దగ్గర పెట్టుకోండి. రోజులు గడిచేకొద్దీ ఆ వాసనకీ ఆ నెమ్మదికీ ముడిపడుతుంది. పరీక్ష రోజున బండి స్టార్ట్ చేసే ముందు అదే వాసన పీలిస్తే ఆ నెమ్మది త్వరగా వచ్చే అవకాశం ఉంది. కొత్త నూనెని ఆరోజే మొదటిసారి వాడకండి. తలనొప్పి తెప్పించే వాసన ఏదో ఆరోజు తెలుసుకుంటే లాభం లేదు.

ముక్కుకి అలవాటైపోతుంది

మరి నా పెప్పర్‌మింట్ మొదటి అరగంట పనిచేసి తర్వాత ఎందుకు మానేసింది? రెండు కారణాలు.

ఒకటి, ముక్కుకి ఒకే వాసన కొద్ది నిమిషాల్లోనే అలవాటైపోతుంది. అగరుబత్తీ వెలిగించిన గదిలో ఉన్నవాళ్లకి కాసేపటికి వాసనే తెలీదు, బయటి నుంచి వచ్చినవాళ్లకి గుప్పుమంటుంది చూడండి, అదే. కాబట్టి వెంట్ దగ్గర గంటలకొద్దీ పెట్టి ఉంచడం వృథా. దానివల్ల వచ్చేది తలనొప్పి, పక్కవాళ్లకి వికారం.

రెండోది ఇంజినీర్లమై ఉండీ మనం పట్టించుకోని బటన్. ఏసీ పక్కన కారు బొమ్మలో గుండ్రంగా బాణం గుర్తు ఉంటుందే, అది రీసర్క్యులేషన్. లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. చల్లగా త్వరగా అవుతుందని అందరం దాన్నే నొక్కుతాం. అయితే మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ ఎక్కడికి పోతుంది? బయటి గాలిలో అది దాదాపు 420 పీపీఎం. అద్దాలన్నీ మూసి నలుగురు కూర్చుంటే లోపల కొన్ని వేల పీపీఎంకి చేరుతుంది. తల బరువుగా, మందంగా అనిపిస్తుంది. పది రకాల నూనెలు చల్లేకంటే ఆ బటన్ మార్చి బయటి గాలి లోపలికి రానివ్వడం మేలు. ఖర్చు సున్నా.

నిద్ర అప్పు... వడ్డీతో వసూలు

ఇక అసలు సంగతి. మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. దాన్ని ఖాళీ చేసేది నిద్ర ఒక్కటే. కాఫీలోని కెఫీన్ అడినోసిన్ కూర్చునే సీట్లో తాను కూర్చుని కాసేపు అడ్డుకుంటుంది, అంతే. పెప్పర్‌మింట్‌కి ఆ మాత్రం అడ్డుకునే శక్తి కూడా లేదు.

నిద్రలేమి ఎంత ప్రమాదమో చెప్పే లెక్క ఒకటుంది. ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో ‘నేచర్’ పత్రికలో ఓ అధ్యయనం ప్రచురించారు. వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారితో సమానంగా పడిపోయిందని అందులో తేలింది. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితేనే డ్రంకెన్ డ్రైవ్ కేసు. ఆ లెక్కన రాత్రంతా చదివి తెల్లారేలోపు స్టీరింగ్ పట్టుకున్నవాడు, చుక్క తాగకపోయినా ఆ గీత దాటినట్టే. బ్రీత్ అనలైజర్‌లో మాత్రం దొరకడు!

ఇప్పుడు మీ ఫిజిక్స్ బయటికి తీయండి. గంటకు 90 కిలోమీటర్లు అంటే సెకనుకు 25 మీటర్లు. నాలుగు సెకన్ల కునుకు అంటే 100 మీటర్లు. నేను ఆరోజు ఎన్ని మీటర్లు గుడ్డిగా నడిపానో నాకు తెలీదు. ఆ తెలియకపోవడమే ఇప్పటికీ భయం పుట్టిస్తుంది.

ఈ కునుక్కి ఇష్టమైన టైమింగ్సూ ఉన్నాయి. రాత్రి 2 నుంచి తెల్లవారుజామున 6 వరకు, మళ్లీ మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు శరీర గడియారం మనల్ని నిద్ర వైపే లాగుతుంది. మనం ఇంటర్వ్యూలకి బయల్దేరేది సరిగ్గా మొదటి దాంట్లో, తిరిగొచ్చేది తరచూ రెండో దాంట్లో.

పనిచేసే చిట్కా ఉంది. ఇంగ్లండ్‌లోని లాఫ్‌బరో యూనివర్సిటీలో జిమ్ హోర్న్, లూయిస్ రేనర్ నిద్రమత్తులో ఉన్న డ్రైవర్ల మీద ఏళ్లతరబడి పరీక్షలు చేశారు. మొహానికి చల్లగాలి, రేడియో... ఇవి కాసేపు తప్ప పెద్దగా పనిచేయలేదు. బాగా పనిచేసింది కాఫీ, ఆ వెంటనే చిన్న కునుకు. బండి భద్రమైన చోట ఆపి, ముందు కాఫీ తాగి, 15 - 20 నిమిషాలు పడుకోవాలి. కెఫీన్ పనిచేయడం మొదలయ్యేసరికి మీరు లేస్తారు. అంతకంటే ఎక్కువ పడుకుంటే గాఢనిద్రలోకి వెళ్లి, లేచాక మరింత మత్తుగా ఉంటుంది. ఫోన్‌లో అలారం తప్పనిసరి. లేచిన వెంటనే స్టీరింగ్ పట్టకుండా మొహం కడుక్కుని నాలుగడుగులు వేయండి. అప్పుడు కావాలంటే పెప్పర్‌మింట్ పీల్చండి. దాని అసలు చోటు అక్కడ!

వాడాలనుకుంటే... ఇలా

బండి ఆపినప్పుడే: దూది మీద ఒకటి లేదా రెండు చుక్కలు వేసి మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టుకోండి. బయల్దేరే ముందు, టీ తాగడానికి ఆగినప్పుడు తీసి రెండు మూడు సార్లు పీల్చి మూత పెట్టేయండి. నడుస్తున్న బండిలో సీసా మూతలు తిప్పడం, ఫోన్ చూడటం కంటే తక్కువ ప్రమాదమేం కాదు.

లేబుల్ చదవండి: ‘ఫ్రాగ్రెన్స్ ఆయిల్’, ‘ఎసెన్షియల్ ఆయిల్’ ఒకటి కాదు. మొదటిది కృత్రిమ సువాసన కావచ్చు. అసలైన దాని మీద మొక్క శాస్త్రీయ నామం, తీసిన పద్ధతి రాసి ఉంటాయి. ‘100 శాతం నేచురల్’ అన్న మాట ఒక్కటే చూసి కొనకండి.

పక్కవాళ్లని అడగండి: ఆస్తమా ఉన్నవాళ్లకి ఘాటైన వాసన ఆయాసం తెప్పించవచ్చు. చదువుకుంటూ పార్ట్‌టైమ్‌గా క్యాబ్ నడిపేవాళ్లైతే ఎక్కినవాళ్లని ఒక్క మాట అడగడం మర్యాద. ఫిట్స్ ఉన్నవాళ్లు కర్పూరం, నీలగిరి తైలాలకి దూరంగా ఉండాలి. పసిపిల్లలున్న బండిలో మెంథాల్, కర్పూరం, నీలగిరి అసలొద్దు.

ఇవి మాత్రం వద్దే వద్దు

హెల్మెట్‌లో చుక్క వేయడం: బైక్ మీద తిరిగే మిత్రులు ఈ పని చేస్తుంటారు. హెల్మెట్ లోపల తలని కాపాడేది థర్మాకోల్ లాంటి పొర, అంటే ఎక్స్‌పాండెడ్ పాలీస్టైరీన్. నారింజ, నిమ్మ నూనెల్లో ఉండే లిమోనీన్ దాన్ని కరిగించేస్తుంది. నమ్మకపోతే పాత టీవీ ప్యాకింగ్‌లోని థర్మాకోల్ ముక్క మీద నారింజ నూనె చుక్క వేసి చూడండి, గుంట పడుతుంది. ఆ గుంట మీ హెల్మెట్‌లో పడితే? పైగా మెంథాల్ ఆవిరి వైజర్ లోపలే తిరిగి కళ్ల వెంట నీళ్లు తెప్పిస్తుంది.

ఎండలో ఆపిన కార్లో సీసా వదిలేయడం: మన మే నెల ఎండకి మూసిన కారు లోపలి భాగాలు 60 డిగ్రీలు దాటి కాలతాయి. లిమోనీన్ ఎక్కువున్న నూనెల ఆవిరి 50 డిగ్రీల దగ్గరే నిప్పంటుకునే స్థితికి వస్తుంది. నిప్పురవ్వ తగలకపోయినా, వేడికి, గాలికి నూనె పాడై చర్మం మీద దద్దుర్లు తెప్పించే పదార్థాలుగా మారుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఒలికితే ప్లాస్టిక్‌కి మచ్చ పడుతుంది.

కణతలకి నేరుగా రాసుకోవడం: ఇవి గాఢమైన నూనెలు. నేరుగా రాస్తే చర్మం మండుతుంది. ఆ చేత్తోనే కన్ను నలుపుకుంటే, అదీ బండి నడుపుతూ... ఊహించుకోండి. నోట్లో వేసుకోవడమైతే మాటే వద్దు.

ఆసక్తి ఉంటే ఇటూ దారులున్నాయి

ఈ రెండు సబ్జెక్టుల్లోనూ కెరియర్ ఉంది. కెమిస్ట్రీ, బయోటెక్, అగ్రికల్చర్ వాళ్లకి సుగంధ తైలాల రంగం మంచి అవకాశం. లక్నోలోని సీఎస్‌ఐఆర్ - సీమ్యాప్ సంస్థ ఈ పంటలు, తైలాల మీద పరిశోధనలు చేస్తుంది. దాని పరిశోధన కేంద్రం ఒకటి హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంది. అత్తర్ల ఊరు కన్నౌజ్‌లో ఉన్న ఎఫ్‌ఎఫ్‌డీసీ శిక్షణ కోర్సులు నడుపుతుంది.

సీఎస్ఈ, ఈసీఈ వాళ్లకేమో డ్రైవర్ మానిటరింగ్. 2024 జులై నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే కొత్త కార్లన్నిటిలో డ్రైవర్ నిద్రమత్తు హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరి. కళ్లు ఎంత శాతం సేపు మూసుకుని ఉన్నాయో కొలిచే ‘పెర్‌క్లోస్’, కనురెప్పల మధ్య దూరాన్ని లెక్కగట్టే ‘ఐ ఆస్పెక్ట్ రేషియో’ లాంటివి బాగా నేర్చుకోండి. నెట్‌లో దొరికిన కోడ్ రన్ చేసి చూపించడంతో ఆపకండి. రాత్రి చీకట్లో ఎలా? కళ్లజోడు ఉంటే ఎలా? ఇంటర్వ్యూల్లో అడిగేవి ఈ ప్రశ్నలే.

ఆ తర్వాతేమైందంటే...

మునగాల దగ్గర రోడ్డు పక్కన టీకొట్టు కనిపిస్తే కారు ఆపాం. చేతులు వణుకుతున్నాయి. కొట్టు నడిపే పెద్దాయన మా మొహాలు చూసి టీ గ్లాసు చేతికిస్తూ, ‘‘ఎటు పోతుండ్రు బిడ్డా?’’ అన్నాడు. ఇంటర్వ్యూకి అని చెప్పాను. పది గంటలకల్లా చేరాలి అని కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. ‘‘టైముకు పోవాలని ఉరికినోళ్లను ఈడ శానామందిని జూసిన. అందరు చేరలే. జర సేపు పండుకోండ్రి’’ అన్నాడు, బల్ల చూపిస్తూ.

పడుకున్నాను. ఇరవై నిమిషాలకి మా ఫ్రెండ్ లేపాడు. ‘‘ఇక నేను నడుపుతాలే, నువ్వు పక్కన కూర్చో’’ అన్నాడు. దారంతా గుర్రు పెట్టినవాడు మరి, నాకంటే ఎక్కువే నిద్రపోయాడు! ఎనిమిదింటికి హెచ్‌ఆర్‌కి మెసేజ్ పెట్టాను. దారిలో ఇబ్బంది అయిందని, ఆలస్యం అవుతుందని. ‘పన్నెండుకి రండి’ అని జవాబొచ్చింది. అంతే. ప్రాణం మీదికి తెచ్చుకున్నది రెండు లైన్ల మెసేజ్‌తో తీరిపోయే విషయానికా అనిపించింది.

ఇంటర్వ్యూలో ప్యానెల్‌లో ఉన్నాయన నా రెజ్యుమె చూసి ప్రాజెక్టు గురించే అడిగాడు. ‘‘సరే, అలారం మోగింది. తర్వాత డ్రైవర్ ఏం చేయాలి?’’ నా రిపోర్టులో 60 పేజీలున్నాయి. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం ఒక్క పేజీలోనూ లేదు. ‘‘బండి ఆపి పడుకోవాలి సర్’’ అన్నాను. అది ఆ పొద్దున్నే నేర్చుకున్నానని చెప్పలేదు.

ఆ ఉద్యోగం రాలేదు. రెండు నెలలకి ఇంకోచోట వచ్చింది. రావడానికి నేనున్నాను కదా!

ఇప్పటికీ నా కార్లో పెప్పర్‌మింట్ డబ్బా ఉంటుంది. ఆ వాసన నాకిష్టం. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక పార్కింగ్‌లో రెండుసార్లు పీలిస్తే మనసు కుదుటపడుతుంది. కానీ తెల్లవారుజాము ప్రయాణం అంటే మాత్రం లెక్క వేరు. ముందురోజు రాత్రి పదింటికే పుస్తకం మూసేస్తాను. వీలైతే ఆ ఊరికి ముందురోజే బస్సులోనో రైల్లోనో చేరిపోతాను. కుదరకపోతే పక్కన నడపడం వచ్చినవాడు ఉండేలా చూసుకుంటాను, ఇద్దరం వంతులు వేసుకుంటాం.

రేపో ఎల్లుండో మీకూ కాల్ లెటర్ వస్తుంది. సర్టిఫికెట్లు, ఫొటోలు, పెన్ను సర్దుకుంటారు. ఆ లిస్టులో సుగంధ తైలం రాసుకుంటే రాసుకోండి, తప్పులేదు. అన్నిటికంటే పైన మాత్రం ఒక్కటి రాసుకోండి: ఏడు గంటల నిద్ర. దారిలో కళ్లు బరువెక్కితే మూత తీయాల్సింది సీసాది కాదు, బండి తీయాల్సింది పక్కకి. ఆల్ ది బెస్ట్!